అవాసా బస్సు

సంచిని ఒళ్ళో పెట్టుకోవాలా, కాళ్ళ సందున పెట్టుకోవాలా అన్నది తేలకముందే బస్సు కదిలింది. దేవమణి దాన్ని రెండు చేతులా పొట్టకేసి అదిమి పట్టుకుని కిటికీ వైపు ఒరిగి కూర్చుంది. షాషెమెనె కూడలిలో కాఫీ గింజలు వేయించే పొగ, గాడిదల మీద కట్టెల మోపులు, తెల్ల గుడ్డలు కప్పుకున్న ఆడవాళ్ళు, అన్నీ కాసేపు బస్సు వెంట వచ్చినట్టే వచ్చి వెనకబడిపోయాయి. ఇంకో గంట. గంట తర్వాత అవాసా, అవాసాలో పెద్ద చెరువు, చెరువు ఒడ్డున మిషన్ వాళ్ళ హాస్టలు, ఆ హాస్టల్లో ఒక మంచం, ఆ మంచంలో హెల్గమ్మగారు. అంతవరకూ వెళ్ళి దేవమణి మనసు వెనక్కి మళ్ళుతోంది. నిన్న అడిస్ అబాబాలో బస్సెక్కినప్పటి నుంచీ ఇదే వరస, మంచం దాకా పోవడం, మంచంలో మనిషి ముఖం కనబడేలోపు మళ్ళడం. దిగొచ్చు. ఎక్కడైనా దిగొచ్చు. ఎవరూ చెయ్యి పట్టుకుని లాక్కుపోవడం లేదు. జగ్గయ్యపేట నుంచి ఇంత దూరం వచ్చి ఇథియోపియా పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ తన బతుకు తాను బతుకుతున్న మనిషి, ముప్పై దాటిన మనిషి, తనకిష్టం లేని చోటికి ఎందుకు పోవాలి.

సంచిలో ఏముందని ఇంత బరువు. రెండు చీరలు, తువ్వాలు, బిస్కట్లు, ఒక దుప్పటి. ఈ దేశం వచ్చిన మొదటి ఏడే కొంది ఈ సంచిని. ఎప్పుడో యుద్ధంలో ఇటలీ సైనికులు వదిలేసిపోయిన ముతక గుడ్డసంచి, రెండు భుజాలకూ పట్టీలు, బరువంతా వీపున. చీర మీద అది తగిలించుకుని నడుస్తుంటే తోటి మలయాళీ టీచర్లు నవ్వారు, దేవమణీ, యుద్ధానికా అని. నవ్వితే నవ్వారు. సెలవులొచ్చినప్పుడల్లా అది వీపున వేసుకుని, వాళ్ళెవరూ ఎక్కని ఊరి బస్సులెక్కి, కోళ్ళ బుట్టల మధ్య కూర్చుని, ఏ ఊళ్ళో పొద్దుగూకితే ఆ ఊళ్ళో మిషన్ హాస్టలు వెతుక్కుని పడుకుని, మళ్ళీ పొద్దున్నే ఇంకో బస్సు. ఎందుకమ్మా అంటే ఏం చెబుతుంది. కింద నేల కదులుతున్నంతసేపూ లోపల ఏదో కదలకుండా ఊరుకుంటుంది, అంతే. ఈ దారి వెంట చెరువులు పూసలు గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి. నీటి గుర్రాలున్న చెరువు చూసింది, బురదరంగు నీళ్ళ చెరువు చూసింది, గులాబీరంగు కొంగలు వేలకు వేలు వాలే ఉప్పు చెరువు చూసింది. చూడనిది అవాసా ఒక్కటే. షాషెమెనె దాకా వచ్చి, అవాసా బస్సు పక్కనే ఆగి ఉంటే, దాన్ని చూడనట్టు చూసి ఎదుటి బస్సెక్కేది. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ.

హెల్గమ్మగారు అక్కడున్న సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. అసలు ఈ దేశం రావడమే హెల్గమ్మగారి మాట మీద. నందిగామ బడిలో పనిచేస్తుండగా హెడ్మాస్టరు జగన్నాథరావుగారు పిలిచి, "మీ జగ్గయ్యపేట హాస్టలు దొరసానిగారు ఇప్పుడు ఆఫ్రికాలో ఉన్నారట గదమ్మా, అక్కడ లెక్కలు చెప్పేవాళ్ళు కావాలంటే మొదట నీ పేరే చెప్పారట" అన్నాడు. పులులుంటాయేమో చూసుకోమని కూడా అన్నాడు పాపం. ఆ రోజు వద్దని ఉండాల్సింది. అనలేదు. నందిగామ నుంచి, జగ్గయ్యపేట నుంచి, ముఖ్యంగా మున్నేటి నుంచి ఎంత దూరమైతే అంత దూరం పోవాలని ఉండేది ఆమెకు. ఆ దూరం కూడా మళ్ళీ హెల్గమ్మగారి చేతుల మీదుగానే అందింది. అందుకుంది. అందుకుని, ఇన్నాళ్ళూ, బాగున్నారా అని ఒక్క మాట పంపలేదు.

బస్సు గుంటలో పడి లేచింది. పక్క సీట్లో పెద్దావిడ ఒరిగి దేవమణి భుజాన్ని తాకి, తాకినందుకు నవ్వింది. జుట్టుకు వెన్న రాసుకుంది ఆవిడ, ఇక్కడి ఆడవాళ్ళ అలవాటు. ఎండకు కరిగి నుదుటి పక్కనుంచి కారుతోంది. ఆ వాసన ముక్కుకు తగలగానే దేవమణికి అది పాత వాసనలా అనిపించింది, జగ్గయ్యపేట హాస్టలు వెనక వసారాలో ఆముదం వాసన. కొత్తగా చేరిన పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి హెల్గమ్మగారు తలలకు ఆముదం పట్టించి పేలు దువ్వేది, తనే, ఆయాల చేత చేయించేది కాదు. తెల్లటి వేళ్ళు నల్లటి నూనెలో. ఏడుస్తుంటే, "ఏందమ్మా అట్టా ఏడస్తావు, పేలు నీ చుట్టాలా" అనేది. ఆ తెలుగు ఎవరు నేర్పారో ఆమెకు. మిషన్ వాళ్ళు మునిషీని పెట్టి పుస్తకం తెలుగు నేర్పించారట గాని, అది ఆమెకు నాలుగు రోజులు కూడా ఆగలేదు. వంటవాళ్ళ దగ్గర, చాకలి దగ్గర, సంతలో మిరపకాయలమ్మే వాళ్ళ దగ్గర ఏరుకున్న తెలుగు. సైకిలెక్కి టోపీ పెట్టుకుని చిల్లకల్లు రోడ్డున పోతూ, ఎదురొచ్చే ఎడ్లబండి వాడిని "పక్కకి రావయ్యా సామీ" అని కేకేసేది. బండివాడు నవ్వాపుకోలేక ఎడ్లను చేలోకి తోలేవాడు.

ఇప్పుడా తెలుగే మిగిలిందట ఆమెకు. మొన్నామధ్య అవాసా హాస్టలు నుంచి ఆల్మాజ్ అనే నర్సు అడిస్ అబాబా వచ్చి, వెతుక్కుంటూ బడికొచ్చి ఇంగ్లీషులో చెప్పింది. హెల్గమ్మగారికి పక్షవాతం వచ్చింది, మాట పడిపోయి మళ్ళీ వచ్చింది, వచ్చిన మాట తన దేశపు మాట కాదు, ఇంగ్లీషు కాదు, మా అమ్హారిక్ కాదు. ఎవరికీ తెలియడం లేదు. మీరు ఇండియా వాళ్ళని విన్నాం. ఏదో అంటుంది, రోజంతా అదే అంటుంది, ఆఖర్న... 'డమ్మా' అని వస్తుంది, డమ్మా, డమ్మా. ఆ పిల్ల అలా అంటుంటే ఆ నోట్లోంచి జగ్గయ్యపేట హాస్టలు మొత్తం బయటికొచ్చి స్టాఫు గదిలో నిలబడ్డట్టయింది దేవమణికి. చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని చూసుకుంటూ, "ఇండియాలో చాలా భాషలున్నాయి, అది నా భాష కాదు" అంది. నిలబడి, తడుముకోకుండా, అబద్ధం చెప్పింది. ఆ పిల్ల నమ్మింది. మంచిదండీ అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల వెళ్ళిపోయింది గాని ఆ 'డమ్మా' వెళ్ళలేదు. బోర్డు మీద లెక్క రాస్తుంటే డమ్మా. పిల్లలు గోలచేస్తుంటే ఆ గోలలో డమ్మా. ఏమిటి, రండమ్మా అయి ఉంటుందా, ఇవ్వండమ్మా అయి ఉంటుందా, పెట్టండమ్మా, చెప్పండమ్మా, చూడండమ్మా, పొండమ్మా. ఎవరినడుగుతోంది, ఏమడుగుతోంది. ఆకలా. దాహమా. ఎవరినైనా పిలుస్తోందా. క్షమించండమ్మా, అని ఒక మాట కూడా తోచింది ఒకరోజు, తోచినందుకు దేవమణికి తన మీద తనకే అసహ్యం వేసింది, అంత ఆశ ఉందన్నమాట లోపల, పదమూడేళ్ళుగా ఆ ఆశ మీదే కూర్చుని ఉందన్నమాట. ఆ మర్నాడే సెలవు పెట్టి సంచి సర్దుకుంది.

అడగాలి. ఒక్కటే అడగాలి. ఆ రోజు మా అమ్మ వచ్చినప్పుడు మీరెందుకు లోపలికి రానివ్వలేదండీ. ఇంగ్లీషులో అనుకుంటే పెద్దమనిషి తరహాలో ఉంటోంది, తెలుగులో అనుకుంటే గొంతు పదేళ్ళ పిల్లదైపోతోంది. బస్సు వంతెన మీద పోతోంది. కింద వాగులో నీళ్ళు లేవు, రాళ్ళున్నాయి, రాళ్ళ మధ్య ఆడవాళ్ళు చెలమ తీసి నీళ్ళు తోడుకుంటున్నారు. మున్నేరు కూడా వేసవిలో ఇట్టాగే. ఇసకలో చెలమ తీసి, గిన్నెతో తోడి, బిందె నింపి, అమ్మ ఆ బిందె నెత్తిన పెట్టుకుని నడిచొస్తుంటే మెడ కదిలేది కాదు. అమ్మ పేరు లూర్దమ్మ. నాన్న పుల్లయ్య. పెనుగంచిప్రోలుకు ఎదురుగా, ఏటికి అవతల ఒడ్డున వాళ్ళ గూడెం. బసవయ్యగారి మిరపతోటలో ఇద్దరూ కూలి. ఎండుమిరపకాయలు తొడిమలు తీసి తీసి అమ్మ చేతులు ఎప్పుడూ మండుతుండేవి, సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డ ముఖం నిమరడానికి భయపడేది, మోచేత్తో నిమిరేది. మోచేత్తో.

అమ్మకు హెల్గమ్మగారంటే దేవుడి తర్వాత దేవుడు. ఉండదా మరి. పేట హైస్కూల్లో దేవమణిని చేర్చుకోమన్నప్పుడు, బెంచీలు లేవనీ, వచ్చే ఏడు చూద్దామనీ వాళ్ళు తిప్పి పంపితే, హెల్గమ్మగారు గొడుగు పట్టుకుని పోయి బడి వరండాలో కింద కూర్చుంది. కుర్చీ తెచ్చి వేశారు, కూర్చోలేదు. మంచినీళ్ళు తెచ్చారు, తాగలేదు. "ఈ పిల్ల నిలబడ్డది గదా, నేను కుర్చీలో ఎట్టా కూచుంటా" అంది. మధ్యాహ్నం బెల్లు కొట్టారు, సాయంత్రం బెల్లు కొట్టారు. ఊరంతా వచ్చి చూసింది. చీకటి పడబోతుండగా పేరు రాసుకున్నారు. ఒక బిడ్డకు తలుపు తెరిపించడానికి దినమంతా నేల మీద కూర్చున్న మనిషి. ఆ మనిషే. దేవమణి నుదుటిని కిటికీ కడ్డీకి ఆనించింది, కడ్డీ వేడిగా ఉంది, తీయలేదు. ఆ మనిషే అయినందువల్లే కదా ఇంత. వేరే ఎవరో అయి ఉంటే తిట్టుకుని మరిచిపోయేది.

శ్రావణం. బుధవారం. టీచరు ట్రైనింగు ఆఖరి ఏడు. హాస్టలు హాలులో పిల్లలంతా నిలబడి పాట నేర్చుకుంటున్నారు, ఆదివారం పెద్ద ప్రార్థనకు బయటి నుంచి దొరలొస్తున్నారని. హెల్గమ్మగారు హార్మోనియం ముందు కూర్చుంది. దేవమణి ముందు వరసలో, పై గొంతు ఆమెదే, ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. బయట ముసురు. వాచ్‌మన్ ఆశీర్వాదం తడిసిన గోనెసంచి కప్పుకుని తలుపు దగ్గరికొచ్చాడు, వచ్చి, చెప్పులు విడిచి, వంగి హెల్గమ్మగారి చెవి దగ్గర ఏదో అన్నాడు. ఆమె హార్మోనియం మెట్ల మీంచి చెయ్యి తియ్యలేదు. "శనివారం రమ్మను" అంది. అమ్మానాన్నలు నెలలో మొదటి శనివారమే రావాలని నియమం. ఆ మాట దేవమణి వింది. ఎదురుగా నిలబడి వింది. ఎవరి వాళ్ళో వచ్చినట్టున్నారు అనుకుంది. అనుకోవడం కూడా కాదు, పాట మధ్యలో తెగిందని చిరాకు పడింది. మళ్ళీ ఎత్తుకుంది. ముసురులో, గేటు అవతల, గోడకు ఆనుకుని అమ్మ కూర్చుని ఉంది. అమ్మకు ఆ పాట వినపడే ఉంటుంది. అందులో పై గొంతు ఎవరిదో పోల్చుకునే ఉంటుంది. మురిసి ఉంటుందా. బిడ్డ పాడుతుంది, ఆపొద్దులే, అనుకుని ఉంటుందా. ఇదీ దేవమణి ఎవరికీ చెప్పనిది, ఆశీర్వాదానికి కూడా చెప్పనిది.

ఆశీర్వాదం చెప్పాడు తర్వాత, అంతా అయిపోయాక, వెక్కుతూ. "కూకునే ఉందమ్మా. బస్సు ఏళ దాకా కూకుంది. బిడ్డతో ఒక మాట చెప్పాలన్నది. శనివారం చెబుదువులే అన్నా. సరే అనింది." ఏం మాటో అడిగావా మామా అంటే తల అడ్డంగా ఊపాడు. "అడగలా. నాకేం తెలుసమ్మా." ఆ బస్సు పెనుగంచిప్రోలులో దింపేటప్పటికి పొద్దుగూకింది. పైన ఎక్కడో పడ్డ వానకు ఏరు వస్తోంది. మోకాలి లోతే అనుకుని నలుగురు దిగారట, ముగ్గురు ఒడ్డెక్కారు. కింద చాలా దూరాన తుంగలో దొరికింది అమ్మ. హెల్గమ్మగారు వచ్చింది, జీపులో కాదు, బురదలో నడిచి, ఏరు తీశాక తడిసి వచ్చింది. నాన్న చేతులు పట్టుకుంది. సమాధి దగ్గర ప్రార్థన చేసింది. ప్రార్థనలో అంతా ఉంది, ఏరు ఉంది, చీకటి ఉంది, దేవుడి చిత్తం ఉంది. గేటు లేదు. దేవమణి కళ్ళు మూసుకోకుండా ఆమె నోటినే చూస్తూ నిలబడింది, ఇప్పుడొస్తుంది, ఈ మాట తర్వాత వస్తుంది అని. ఆమెన్ వచ్చింది.

"దొరసానమ్మ ఏం చేసిందే, ఏరు చేసింది గాని" అన్నాడు నాన్న. ఆ మాట మీదే బతికాడు, ఆ మాట మీదే పోయాడు. దేవమణి ఆ మాట మీద బతకలేకపోయింది. ట్రైనింగు అయిపోయిన రోజు పెట్టె తీసుకుని నందిగామ వచ్చేసింది. నందిగామ నుంచి హైదరాబాదు వైపు బస్సు ఎక్కాల్సి వస్తే, చిల్లకల్లు దాటుతుండగానే కళ్ళు మూసుకునేది, పేట దాటాక తెరిచేది. పక్కవాళ్ళు నిద్రనుకునేవాళ్ళు. హెల్గమ్మగారు దేశం విడిచి పోతున్నప్పుడు పిల్లలంతా బెజవాడ స్టేషనుకు వెళ్ళారు, దేవమణి వెళ్ళలేదు. ఏం చెప్పాలనుకుంది అమ్మ. ఒంట్లో బాగాలేదనా. పెళ్ళి మాటేదైనా వచ్చిందనా. పిడుగురాళ్ళ పిన్ని పోయిందనా. ఏమీ లేదేమో, ఊరికే చూడబుద్ధయిందేమో, గేటు దగ్గర చెప్పడానికి ఒక పని ఉండాలి కాబట్టి ఒక మాట చెప్పాలి అందేమో. అదే అయితే ఇంకా భరించలేదు.

బస్సు ఆగింది. ముందు నుంచి ఆవిరి బుసకొట్టింది. డ్రైవరు దిగి రేడియేటరు మూత మీద తడిగుడ్డ వేస్తూ తిట్టుకుంటున్నాడు. జనం దిగారు. దేవమణి కూడా దిగింది, సంచి వీపున తగిలించుకుని మరీ దిగింది. తుమ్మచెట్లు, ఎర్ర దుమ్ము, దూరంగా పశువుల మంద. మిరపతోట లేదన్న మాటే గాని వీరులపాడు పక్క ఎండాకాలంలో ఇంతే ఉంటుంది. ఎదుటి నుంచి దుమ్ము లేపుకుంటూ ఇంకో బస్సు వచ్చి, ఆగిన బస్సును చూసి అదీ ఆగింది. షాషెమెనె పోయే బస్సు. కండక్టరు తలుపు తీసి దేవమణి వైపు చూశాడు, ఎక్కుతావా అన్నట్టు. ఖాళీ సీట్లు కనబడుతున్నాయి. ఆమె రెండడుగులు వేసింది. ఎక్కితే అయిపోతుంది. ఆల్మాజ్‌కు అబద్ధం చెప్పే ఉంది, ఆ అబద్ధమే నిజమైపోతుంది. ఇంకెన్నాళ్ళుంటుంది ఆ ముసలావిడ. తర్వాత ఎవరూ ఏమీ అడగక్కర్లేదు, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మెట్టు కడ్డీ మీద చెయ్యి వేసింది. అప్పుడు వెనక నుంచి వెన్న వాసన వచ్చింది. పక్క సీటు పెద్దావిడ. ఆవిడ దేవమణి సంచి పట్టీ పట్టుకుని, అది కాదు, మన బస్సు ఇది, అన్నట్టు వెనక్కి చూపించింది. పొరపాటున ఎక్కుతోందనుకుంది. దేవమణి కడ్డీ మీంచి చెయ్యి తీసింది. కండక్టరు తలుపు వేసేశాడు.

రేడియేటరు చల్లారి బస్సు కదిలాక ఆవిడ అడిగింది, మెల్లిగా, పిల్లకు చెప్పినట్టు విడదీసి, "అవాసాలో ఎవరున్నారు?"

"జబ్బు మనిషి" అంది దేవమణి తనకొచ్చిన కొద్ది అమ్హారిక్‌లో.

"అమ్మా?"

కాదు. కాదనడం వచ్చు. కాదంటే మరెవరు అంటుంది. ఆ తర్వాతి మాటలు తనకు రావు, ఈ భాషలోనే కాదు, ఏ భాషలోనూ రావు. పేలు దువ్వింది, బడి తలుపు తెరిపించింది, పేరు చెప్పి ఇంత దూరం పంపింది, మా అమ్మను గోడ పక్కన తడవనిచ్చింది. దాన్ని ఏమంటారు.

"అవును" అంది.

పెద్దావిడ నాలుకతో చప్పుడు చేసి, దేవమణి మోకాలి మీద చెయ్యి వేసి, "ఐజోష్" అంది. ఆడమనిషికి ధైర్యం చెప్పేటప్పుడు ఈ దేశంలో అనే మాట. చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచింది. చాలాసేపు. దేవమణి ఏడవలేదు గాని, కిటికీలోంచి పోయే చెట్లన్నీ ఒకటే చెట్టులా కనబడ్డాయి.

చెరువు ఒక్కసారిగా వచ్చింది. చెరువనడానికి లేదు, అవతలి ఒడ్డు కొండల కింద మసగ్గా ఎక్కడో ఉంది. ఒడ్డున జమ్ము, జమ్ములో పడవలు, బట్టతల కొంగలు మనుషుల్లా వంగి చేపల పేగుల కోసం నిలబడి ఉన్నాయి. హాస్టలు రేకుల కప్పుతో పొడుగ్గా నీళ్ళవైపు ముఖం పెట్టి ఉంది. ఒక పక్క దారిన పోయేవాళ్ళకు గదులు, ఇంకో పక్క జబ్బువాళ్ళకు. ఆల్మాజ్ బకెట్టుతో బయటికొస్తూ ఆమెను చూసి బకెట్టు కింద పెట్టింది. ఏదో అడగబోయింది.

"అది నా భాషే" అంది దేవమణి.

ఆల్మాజ్ తలుపు తీసి పట్టుకుంది.

మంచం మీద మనిషి ఉన్నట్టు లేదు. దుప్పటి కింద ఒక చిన్న మిట్ట, దిండు మీద పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. హెల్గమ్మగారు వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. దేవమణి దగ్గరికి వెళ్ళింది, ఇంకా దగ్గరికి, వంగింది.

"తిప్పండమ్మా" అంటోంది హెల్గమ్మగారు. ఎండిన గొంతుతో, విసుగు లేకుండా, బతిమాలుతూ. "కాస్త అటేపు తిప్పండమ్మా. నడుం మండిపోతంది. తిప్పండమ్మా."

దేవమణి సంచి కూడా దించలేదు. మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి, తన వైపుకు తిప్పింది. బరువే లేదు. చొక్కా వెనక తడిగా అంటుకుని ఉంది, పైకెత్తి చూస్తే నడుం కింద అరచెయ్యంత పుండు, ఎర్రగా, అంచులు నల్లగా. ఆల్మాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేం ప్రార్థన అనుకున్నాం" అంది ఆల్మాజ్. "రోజంతా అదే మాట, అంత బతిమాలుతూ. దేవుడితో మాట్లాడుతోందనుకున్నాం. పక్కన కూర్చుని ఆమెన్ అనేవాళ్ళం."

పుండు కడిగి మందు వేశారు ఇద్దరూ కలిసి. ఆల్మాజ్ ఏడుస్తూనే పనిచేసింది. గుడ్డలు పారేయడానికి ఆమె వెళ్ళాక గదిలో చెరువు గాలి, గోడ మీద కదిలే నీటి వెలుగు, పక్కకు తిరిగి పడుకున్న ముసలి ముఖం, ఇన్నాళ్ళూ మనసు చూడకుండా మళ్ళిన ముఖం. నీలి కళ్ళు దేవమణి మీద నిలిచాయి. గుర్తుపట్టలేదు.

"సల్లగా ఉందమ్మా ఇప్పుడు" అంది. "నువ్వెవురి బిడ్డవి?"

"లూర్దమ్మ బిడ్డనండి."

"ఏ లూర్దమ్మ?"

దేవమణి సంచి దించి నేల మీద పెట్టి, మంచం పక్కన కింద కూర్చుంది. చెప్పింది. సిద్ధం చేసుకున్న మాటలేవీ రాలేదు, వేరే మాటలొచ్చాయి. మిరపతోట చెప్పింది, మోచెయ్యి చెప్పింది, ముసురు, పాట, వాచ్‌మన్ వచ్చి వంగడం, గోడకానుకుని కూర్చున్న మనిషి, ఏరు. తను విని కూడా పాట ఎత్తుకున్నది చెప్పింది. ఎవరికీ చెప్పనిది, ఈ దేశం మొత్తం మీద అర్థం చేసుకోగల ఒక్క మనిషికి చెప్పింది. హెల్గమ్మగారు మధ్యమధ్య ఊ కొడుతూ, మనూళ్ళో ఆడవాళ్ళు వింటారే అట్లా, ఎవరి ఇంట్లోనో జరిగిన కష్టం విన్నట్టు వింది.

"ఒక మాట చెప్పాలన్నదా" అంది.

"అవునండి."

"ఏం మాటంట?"

"తెలవదండి. ఎవురూ అడగలా."

"అయ్యో. వానలో అంత దూరం వస్తే ఎందుకొచ్చావమ్మా అని అడగొద్దా." ముసలి గొంతులో కోపం వచ్చింది, నిజమైన కోపం. "ఎవురు ఎల్లగొట్టింది?"

ఇక్కడ ఆగిపోవచ్చు. ఎవరో అనొచ్చు. వాచ్‌మన్ అనొచ్చు, ఏరు అనొచ్చు, నాన్న అన్నట్టు. గుర్తులేని మనిషి, పుండు పడ్డ మనిషి, ఇంకెన్నాళ్ళో లేని మనిషి. దేవమణి ఆ నీలి కళ్ళలోకి చూసింది.

"మీరేనండి" అంది.

"నేనా?"

"మీరే. శనివారం రమ్మను అన్నారు."

హెల్గమ్మగారి ముఖం మీద ఏదో వెతుకులాట మొదలైంది. కళ్ళు గోడ మీదికి పోయాయి, పైకప్పు మీదికి పోయాయి, మళ్ళీ దేవమణి దగ్గరికి వచ్చాయి. ఏమీ దొరికినట్టు లేదు. "నేను అట్టా అన్నానా" అంది, చేసింది తెలియక దెబ్బతిన్న పిల్లలా. "అని ఉంటానా నేను."

"అన్నారండి. నేనున్నా అక్కడ."

బయట పడవవాళ్ళు ఎవరినో కేకేసుకుంటున్నారు. హెల్గమ్మగారి కంటి కొసనుంచి నీరు జారి, పక్కకు తిరిగి ఉన్నందువల్ల, ముక్కు మీదుగా దిండులోకి పోయింది. అది గుర్తొచ్చి కారిన కన్నీరో, మందు మంటకు కారినదో దేవమణికి తెలియలేదు. తెలుసుకోవాలని చూసింది, కాని ఆ ముఖం చెప్పలేదు.

"మరి నువ్వెందుకొచ్చావమ్మా?" అంది హెల్గమ్మగారు.

నిందగా అడగలేదు. ఇంత దూరం వచ్చిన మనిషిని, వచ్చిన పనేమిటని, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అడిగి, జవాబు కోసం కళ్ళెత్తి చూస్తూ ఉంది. ముసలామె నుదురు ముడిపడడం దేవమణి చూసింది. ఒక పక్కే ఒత్తుకుని ఉన్న భుజం నొప్పి పెడుతున్నట్టుంది. దేవమణి లేచి, కొంగు దోపుకుని, మంచం అవతలి వైపుకు వెళ్ళింది.

"తిప్పడానికి వచ్చానండి" అంది. రెండు చేతులూ ఆమె కిందికి పోనిచ్చింది.